అవుట్ పోయే బంతి

ఎండలు తగ్గుముఖం పట్టే రోజుల్లో మా కాలేజీ గ్రౌండుకు తల్లిదండ్రులు ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు. వాలీబాల్ కోటాలో సీటు కోసం. వచ్చీ రాగానే పిల్లను నా ముందు నిలబెట్టి, ఎత్తు చూడండి మేడం అంటారు. చూడక చస్తానా. ఎత్తు గేటు దగ్గర ఉండగానే కనబడుతుంది. దాన్ని చూడటానికి కోచ్ అక్కర్లేదు, వాచ్‌మన్ చాలు. ఇంకొందరు పిల్ల చేత ఎగిరి స్మాష్ కొట్టించి చూపిస్తారు. అదీ చూస్తాను. బంతి నేలను గుద్దుకున్న చప్పుడుకు తండ్రి మొహం వెలిగిపోతుంటే ఆయన్ను కూడా చూస్తాను. ఆ తర్వాత పిల్లను ఆటలోకి దింపి, బంతిని మాత్రం చూడను. బంతిని చూసేవాళ్ళు ఊరంతా ఉన్నారు.

అయితే మీరు చూసేదేమిటి అని అడుగుతారు. బంతి తనది కానప్పుడు పిల్ల ఎక్కడ నిలబడిందో చూస్తాను. పక్కపిల్ల తప్పు చేస్తే ఆమె కళ్ళు ఎటు తిరిగాయో చూస్తాను. అవతలివాళ్ళు సర్వీసు వేయబోతుంటే మడమలు నేలకు ఆనించిందా, లేపిందా చూస్తాను. ఇవన్నీ చెప్పగలను, చెబుతూనే ఉంటాను. అసలు చూసేది ఇంకోటి ఉంది. అది చెప్పబోతే మాట ఎటో జారిపోతుంది. కళ్ళు తెరిచే ఉంటాయి గానీ ఎదురుగా ఉన్న గ్రౌండు పలచబడిపోయి, దాని వెనక ఉదయగిరి కొండ నీలంగా లేస్తుంది. అటెండరు టీ తెచ్చి పక్కన పెట్టిపోయిన సంగతి కూడా తెలియదు. మేడం కళ్ళు తెరుచుకుని నిద్రపోతుందని పిల్లలు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

మా పల్లె ఉదయగిరికి కూతవేటు దూరం. చర్చి వెనక మా వాలీబాల్ కోర్టు. ఒకవైపు స్తంభం వేపదుంగ, రెండోవైపుది ఎవరో పీకి పడేసిన పాత కరెంటు స్తంభం. నెట్టు కొనే యోగం మాకు ఎప్పుడూ పట్టలేదు. సోమశిలలో చేపలు పట్టే చుట్టాలు ఇచ్చిన చిరుగుల వలను కట్టి ఆడేవాళ్ళం. వాన పడిన రోజు అందులోంచి చేపల వాసన లేచేది. సాయంత్రం బడి వదిలి మేం అక్కడికి చేరేసరికి సూర్యుడు కొండ వెనక్కి దిగిపోయేవాడు. ఎండ పోయేది గానీ వెలుతురు పోయేది కాదు. ఎవరికీ నీడ పడని ఆ వెలుతురులో మనుషులు నేలకు ఆనకుండా తిరుగుతున్నట్టు ఉండేది. తొంభైల మొదటి ఏళ్ళవి. నా చిన్నతనమంతా నాకు ఆ వెలుతురులోనే గుర్తుంది. పగళ్ళు ఏమైపోయాయో తెలియదు.

పల్లె మొత్తానికి బంతి ఒకటే. క్రిస్మస్ ముందు ఇంటింటికీ తిరిగి పాటలు పాడితే వచ్చిన చందాలో కొంత తీసి నెల్లూరు నుంచి తెప్పించేవాళ్ళు. తెచ్చేవాడు మా నాయన. ఆయన బస్సు కండక్టరు. ఉదయగిరి నుంచి ఆత్మకూరు మీదుగా నెల్లూరు పోయే బస్సులో డ్యూటీ. కొత్త బంతి వచ్చిన ఆదివారం దాన్ని చర్చిలో ముందు బల్ల మీద పెట్టి పాస్టరుగారి చేత ప్రార్థన చేయించేవాళ్ళం. ఈ బంతిని ముళ్ళ నుంచి కాపాడు ప్రభువా అని ఆయన కళ్ళు మూసుకుని అడిగితే పల్లె పల్లెంతా ఆమెన్ అనేది. కొత్తగా పెళ్ళయిన జంట మీద కూడా అంత మనసు పెట్టి ప్రార్థన చేయడం నేను చూడలేదు.

ఆ ముళ్ళ భయం ఊరికే వచ్చింది కాదు. కోర్టు వెనక గీత దాటామంటే ఆ వెంటనే కంపచెట్లు. అక్కణ్ణించి కొండ మొదలు దాకా అవే. బంతి అందులో పడిందంటే తీరినట్టే. లోపలి బ్లాడరుకు సైకిల్ షాపులో పంక్చరు వేయించాలి, పైతోలు విప్పిన చోట చెప్పులు కుట్టే ఆయన చేత కుట్టించాలి. అట్లా ఒకటికి రెండుసార్లు జరిగితే బంతి గుండ్రంగా ఉండటం మానేసి గుమ్మడికాయ అయ్యేది. అందుకని మా పల్లెలో ఒక కట్టుబాటు ఉండేది. బంతి ఎవరి పక్కనుంచి పోయి కంపలో పడిందో, ఆ మనిషే లోపలికి దూరి దాన్ని తేవాలి. అది బాగై వచ్చేదాకా ఆట ముట్టకూడదు. బంతి గీత లోపల పడబోయిందా, బయట పడబోయిందా అనే విచారణ లేదు. లోపల పడితే పాయింటు పోతుంది, అంతే కదా. బయటికి పోతే బంతే పోతుంది.

ఈ కట్టుబాటు పెట్టింది మా నాయనే. నెల్లూరు నుంచి బంతిని చంటిపిల్లను తెచ్చినట్టు తెచ్చేవాడికి ఆ మాత్రం పెత్తనం ఉంటుంది. డ్యూటీ దిగి ఖాకీ బట్టల్లోనే వచ్చి చర్చి మెట్ల మీద కూర్చుని, బంతి, బంతి అని కేక వేసేవాడు. ఆయన ఆ మెట్టు మీద నుంచి లేచింది లేదు. ఆ కేక వినబడితే మాకు కాళ్ళు వాటంతటవే పరిగెత్తేవి. మా పల్లెలో పిల్లలకు నడక వచ్చిన కొన్నాళ్ళకే ఇదీ వచ్చేది. బంతి బయటికి పోతుంటే వెంటపడి, దొర్లి, చేతికందకపోతే మోచెయ్యైనా తగిలించి లోపలికి తోయాలి.

నేను గిద్దెడు మనిషిని. నెట్టు దగ్గర నిలబెడితే వలలో చిక్కిన పరిగచేప పిల్ల లాగా ఉంటానని అవ్వ నవ్వేది. అందుకని నన్నెప్పుడూ వెనక గీత దగ్గర, కంపకు కాపలా పెట్టేవాళ్ళు. నాకూ అదే ఇష్టం. బంతి తల మీదుగా పోతుంటే వెనక్కి తిరిగి దాని కింద పరిగెత్తడంలో ఒక మత్తు ఉంది. ఆ కాసేపు ఎవరి మాటా వినబడదు. ఆకాశంలో బంతి మెల్లగా, తీరిగ్గా పోతున్నట్టు ఉంటుంది. నేను కూడా ఎక్కడికీ తొందర లేనట్టే పరిగెత్తేదాన్ని. తీరా చూస్తే చేతులు గీరుకుపోయి, మోకాళ్ళు చెక్కుకుపోయి, బంతి మాత్రం లోపలికి పోయి ఉండేది.

ముందు వరసలో మా అక్క. అంటే పెదనాయన కూతురు. నాకంటే కొన్ని నెలలే పెద్ద, కానీ నా తల ఆమె భుజానికి కూడా అందేది కాదు. అక్క ఎగిరి కొట్టిందంటే అవతలివాళ్ళు ముందు మొహం కాపాడుకునేవాళ్ళు, తర్వాత బంతి సంగతి చూసేవాళ్ళు. ఈస్టరుకు చుట్టుపక్కల సంఘాల మధ్య పోటీలు జరిగేవి. గెలిచిన మగపిల్లలకు పొట్టేలు, ఆడపిల్లలకు కోడిపుంజు. మేం తెచ్చుకున్న పుంజులన్నీ అక్క చలవే.

మేమిద్దరం ఇంటర్ పరీక్షలు రాసిన ఎండాకాలంలో నాయన ఒక కబురు తెచ్చాడు. నెల్లూరులో ఒక ఆడపిల్లల కాలేజీ వాలీబాల్ కోచ్ ఆత్మకూరు వచ్చి పిల్లల్ని ఎంచుకుంటుందట. ఎంచుకున్నవాళ్ళకు డిగ్రీలో సీటు, హాస్టలు, భోజనం అన్నీ కాలేజీవే. నాయన దాపరికం లేకుండా చెప్పాడు. నా వెనక తమ్ముళ్ళు ఇద్దరున్నారు, డిగ్రీకి పంపే శక్తి ఆయనకు లేదు, ఆట మీద సీటు వస్తే పోవాలి, రాకపోతే ఇంటర్‌తో సరి. ఆ మాట న్యాయమైనదేనని నాకు తెలుసు. తెలిసినా దిండులో మొహం పెట్టుకుని ఏడ్చాను. నాకు చదువుకోవాలని ఉండేది. ఏం చదవాలో కూడా తెలియదు. తలుపులన్నీ పుస్తకాలతో నిండిన గదుల్లోకి తెరుచుకునే ఇల్లొకటి ఎక్కడో ఉందని, అందులో తిరుగుతూ ఉండాలని అనుకునేదాన్ని.

మొదటి బస్సుకే బయల్దేరాం. ఆ బస్సులో నాయన నాయన కాదు. టికెట్, టికెట్ అంటూ వచ్చి మా ఇద్దరికీ టికెట్లు కొట్టి, ముందుకు పోయాడు. అనుమసముద్రంపేట దర్గాకు పోయేవాళ్ళు మల్లెపూల పొట్లాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆ వాసనకు నాకు కళ్ళు మూతలు పడ్డాయి. కలలో మా కోర్టు. ఎవరో కొట్టిన బంతి పైకి లేచి అక్కడే ఆగిపోయింది. కిందికి రాదు. పల్లె అంతా తలలెత్తి చూస్తోంది. పాస్టరుగారు చూస్తున్నాడు, అవ్వ చూస్తోంది, కంపలో మేసే మేకలు కూడా మెడలెత్తి చూస్తున్నాయి. నేను దాని కింద చేతులు చాపుకుని నిలబడే ఉన్నాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నాయన భుజం తట్టి లేపాడు. ఆత్మకూరు వచ్చింది, దిగండి, సాయంత్రం ఇదే బస్సులో వస్తాను, బస్టాండులోనే ఉండండి అని చెప్పి విజిల్ వేశాడు. బస్సు పోయింది.

సెలెక్షన్స్ ఒక హైస్కూలు గ్రౌండులో. కొండాపురం వైపు నుంచి, సోమశిల వైపు నుంచి కూడా పిల్లలు వచ్చారు. నేల చదునుగా ఉంది. సున్నంతో గీసిన తెల్లటి గీతలు. గీతల వెనక ఎంత దూరం చూసినా కంప లేదు, ఉత్త మట్టినేల, ఎక్కడో చివర గోడ. ఒక పెద్ద వల సంచి నిండా బంతులు. అన్ని బంతులు ఒక్కచోట చూడటం నాకదే మొదలు. ఒకదాన్ని తీసి చేత్తో తడిమి చూశాను. ఎక్కడా కుట్టు పిగల్లేదు. ఇంకా కల నడుస్తూ ఉందనిపించింది.

కోచ్ మేడం చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, కాళ్ళకు తెల్ల కాన్వాసు బూట్లు వేసుకుని, మెడలో విజిల్‌తో తిరుగుతోంది. చీర కింద బూట్లు చూసి అక్క నవ్వు ఆపుకోలేక నా వెనక దాక్కుంది. నా వెనక దాక్కుంటే ఏం దాగుతుంది. ముందు మా వేళ్ళకు సుద్దపొడి పూసి, గోడ పక్కన ఎగిరి ఎంత ఎత్తు అందితే అంత ఎత్తున గుర్తు పెట్టమన్నారు. అక్క గుర్తు అందరికంటే పైన. నాది అందరి గుర్తులకూ కింద, బడిపిల్లలెవరో పెట్టిన మరకలతో కలిసిపోయింది. ఇప్పుడైతే వెనక వరసలో బంతిని కాపాడటానికే ప్రత్యేకంగా లిబరో అని ఒక ప్లేయరు ఉంటుంది, పొట్టిదైనా పరవాలేదు. అప్పట్లో ఆ రూలు లేదు. ఎవరైనా సరే చోట్లు మారుతూ తిరుగుతూ నెట్టు ముందుకు రావలసిందే. ముందుకొస్తే నేను దండగ.

ఆట మొదలైంది. అవతలి పిల్ల గట్టిగా కొట్టిన బంతి నా తల మీదుగా బయటికి పోతోంది. పరిగెత్తి, నేల మీద జారి, పిడికిలితో లోపలికి లేపాను. మా పల్లెలో అయితే చర్చి మెట్ల మీద నుంచి చప్పట్లు పడేవి. ఇక్కడ మావాళ్ళే నన్ను తినేసేట్టు చూశారు. బంతి అవుట్ పోతుంటే ముట్టుకోకుండా వదిలేయాలి. వదిలేస్తే తప్పు కొట్టినవాళ్ళది, లాభం మనది. ముట్టుకున్నామా, అది ఆటలో ఉన్నట్టే, ఆ తర్వాత దాన్ని నిలబెట్టలేకపోతే నష్టం మనదే. నేను లేపిన బంతి మావాళ్ళు ఎవరికీ అందక కింద పడింది. రూలు నాకు తెలియక కాదు. తల్లో ఉన్న రూలు కాళ్ళ దాకా రాలేదు. మళ్ళీ అవుట్ బంతి, మళ్ళీ నేను దాని వెనక. కొండాపురం పిల్ల ఒకతె నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలదీసింది.

"ఏమ్మే, నువ్వు మా పక్కా, వాళ్ళ పక్కా?"

అక్క నా దగ్గరికి వచ్చి, ఇక్కడ కంపల్లేవు, వదిలెయ్యమని చెవిలో చెప్పింది. తల ఊపాను. వదిలెయ్యాలి, వదిలెయ్యాలి అని నాకు నేను చెప్పుకుంటూ ఉండగానే బంతి పోతోంది, నేనూ పోతున్నాను. మా పక్షం ఓడిపోయింది. అక్క కొట్టిన స్మాష్‌లకు వచ్చిన పాయింట్లన్నీ నేను వెనక నుంచి దానం చేశాను.

ఆట అయిపోయాక మేడం నన్ను ఒక్కదాన్నే వెనక గీత దగ్గర నిలబెట్టింది. తను సంచి పక్కన పెట్టుకుని నెట్టు అవతల నుంచి బంతులు కొట్టింది. అన్నీ అవుట్ బంతులే. కొట్టే ముందే చెప్పేది, ఇది బయటికి పోతుంది, పోవద్దు అని. నేను పోయేదాన్ని. గట్టిగా అరిచి చెప్పింది. పోయాను. నెమ్మదిగా, బతిమాలుతున్నట్టు చెప్పింది. అయినా పోయాను. రెండు చేతులా లంగా బిగించి పట్టుకుని నిలబడ్డాను, లంగాతో సహా పోయాను. చుట్టూ ఉన్న పిల్లలు మొదట నవ్వారు, తర్వాత నవ్వడం మానేశారు. ఆఖరికి కళ్ళు గట్టిగా మూసుకున్నాను. బంతి వెనకెక్కడో నేలను తాకిన చప్పుడు వినబడింది.  అక్కడే కూలబడి ఏడ్చేశాను. మేడం దగ్గరికి వచ్చి ఎందుకు పోతున్నావని అడిగింది. మా ఊళ్ళో అవుట్ పోతే బంతి కంపలో పడతాది మేడం అని చెప్పాను. ఆమె నా మోకాళ్ళ కేసి కాసేపు చూసి వెళ్ళిపోయింది.

సాయంత్రం పేర్లు చదివారు. అక్క పేరు, ఇంకో ఇద్దరి పేర్లు. నా పేరు లేదు. అక్క సంతోషపడే ధైర్యం లేక నా చెయ్యి పట్టుకుని నిలబడింది. నేను ఏడవలేదు కూడా. నాకు రాలేదన్న బాధ కంటే ఈ మాట నాయనకు నా నోటితో ఎట్లా చెప్పాలన్న బాధ పెద్దదిగా ఉంది.

ఆడపిల్లల్ని ఒంటరిగా వదలకూడదని మేడం బస్టాండు దాకా వచ్చి మాతోనే కూర్చుంది. సోమశిల బస్సు కోసం చూస్తున్న పిల్ల ఒకతె మా పక్కన కూర్చుని వేరుశనక్కాయలు వలుచుకుంటూ మాటలు పెట్టుకుంది. డ్యాం కట్టినప్పుడు వాళ్ళ ఊరు మునిగిపోయిందట. ఆమె అప్పటికి పసిపిల్ల. వాళ్ళ నాయనావాళ్ళు వాలీబాల్ ఆడిన కోర్టు ఇప్పుడు నీళ్ళ కింద ఉందట. పెన్నలో నీళ్ళు బాగా తగ్గిన ఏడు ఆ రెండు స్తంభాల కొనలు బయటికి కనబడతాయని, పడవలవాళ్ళు వాటికి తాళ్ళు కట్టుకుంటారని చెప్పింది. అంత దిగుల్లోనూ నాకు ఆ కోర్టు కళ్ళ ముందు మెదిలింది. పచ్చటి నీళ్ళలో చేపలు నెట్టుకు అటూ ఇటూ తిరుగుతున్నాయి. అక్కడైతే బంతి ఎటు పోయినా మునగదు కదా, తేలుతుంది కదా అనుకున్నాను.

పొద్దు వాలుతుండగా నాయన బస్సు వచ్చింది. ఆయన ఫుట్‌బోర్డు దిగి నా మొహం చూశాడు. ఇక చెప్పే పని లేకపోయింది. మేడం లేచి నిలబడి, ఈ అమ్మాయి తండ్రి మీరేనా అని అడిగి, అవుట్ పోయే బంతిని వదిలేయాలని మీ పిల్లకు ఎవరూ నేర్పలేదా అంది. నాయన టికెట్ల పెట్టె చంకలో పెట్టుకుని, బడిలో నిలబెట్టిన పిల్లవాడిలా నిలబడ్డాడు.

"లేదు మేడం. వదిలితే తిట్టినోణ్ణి నేనే. మా పల్లెకంతా ఒకటే బంతి, ఎనకంతా కంప. ఆ కట్టుబాటు పెట్టింది నేను. తప్పు నాది, పిల్లది కాదు. దాని చదువు పోగొట్టొద్దు."

నాయన ఒకరిని బతిమాలడం నేను వినడం అదే మొదటిసారి. నాకు భూమిలోకి పోవాలనిపించింది. డ్రైవరు హారన్ కొట్టాడు. బస్సులోంచి ఒక పెద్దాయన తల బయటికి పెట్టి, పొయ్యేది ఉండాదా లేదా అని అడిగాడు. మేడం అదేమీ పట్టించుకోకుండా నెమ్మదిగా చెప్పింది.

"వదిలేయడం నేను నేర్పుతాను. అందదని తెలిసీ పరిగెత్తే కాళ్ళను ఇవ్వలేను. అవి ఎక్కడైనా దొరుకుతాయా అనే ఇన్ని ఊళ్ళు తిరుగుతాను."

మరి పేరు ఎందుకు చదవలేదో కూడా ఆమే చెప్పింది. నాకు ఎత్తు లేదు. నన్ను తీసుకుంటే చాన్నాళ్ళు ఆటలోకి దించడం కుదరదు, బయట కూర్చోబెట్టాలి. అందుకు ఇంట్లోవాళ్ళు ఒప్పుకుంటారో లేదో అడిగి తెలుసుకోకుండా పేరు చదవదలుచుకోలేదు. నాయన వెంటనే, "కూర్చుంటాది మేడం, అన్నం పెడతారు గదా, కూర్చోని చదువుకుంటాది" అన్నాడు. పంపించయ్యా, పంపించి బండి కదిలించు అని బస్సులో పెద్దాయన తీర్పు చెప్పాడు. నాయన మమ్మల్ని ఎక్కించి విజిల్ వేశాడు. దారి పొడుగునా ఆయన మా సీటు కేసి చూడలేదు. అందరికీ టికెట్లు కొట్టి, మాకు కొట్టడం మరిచిపోయి, ఊరు దగ్గర పడ్డాక గుర్తొచ్చి వెనక్కి వచ్చాడు.

నెల్లూరు హాస్టలులో చదువు బాగానే సాగింది. గ్రౌండులోనే నా చావుకొచ్చింది. మేడం నా నడుముకు చున్నీ కట్టి, రెండో కొన నెట్టు స్తంభానికి ముడేసి అవుట్ బంతులు కొట్టేది. చున్నీలు చిరిగాయి గానీ నేను మారలేదు. పిల్లలు నన్ను కంపపిల్ల అని పిలిచేవాళ్ళు. అక్క ఆటలో వెలిగిపోతుంటే నేను బయట బెంచీ మీద కూర్చుని అందరి నీళ్ళ సీసాలకు కాపలా కాసేదాన్ని. ఆ రోజుల్లో నాయన మీద నాకు కినుకగా ఉండేది. లోకమంతా ఒక రకంగా ఆడుతుంటే మమ్మల్ని ఇంకో రకంగా పెంచాడు, ఇప్పుడు విప్పుకోవలసిన ముళ్ళన్నీ నావేనా అనుకునేదాన్ని.

చివరికి ఒకరోజు బంతి నా పక్కనుంచి పోయింది, నేను నిలబడే ఉన్నాను. అది గీత బయట పడి దొర్లుకుంటూ పోయి గోడ దగ్గర ఆగింది. మేడం చప్పట్లు కొట్టింది, పిల్లలు వచ్చి వీపు చరిచారు. ఆ బంతిని తేవడానికి ఎవరూ పోలేదు. సంచిలోంచి ఇంకోటి తీశారు.  ఆ సాయంత్రం హాస్టలు మెట్ల మీద చాలాసేపు ఊరికే కూర్చున్నాను.

రెండో ఏడు మేడం నన్ను కాలేజీ జట్టులో వెనక వరసకు దించింది. ముందుకు వచ్చే వంతు రాగానే నన్ను తీసి ఇంకొకరిని వేసేది. మా గ్రౌండులోనే ఏదో కాలేజీతో ఆట. నాయన బస్సు మధ్యాహ్నం నెల్లూరు చేరి కాసేపు ఆగుతుంది. డ్రైవరుకు చెప్పి, ఖాకీ బట్టల్లోనే, తోలు బ్యాగు భుజాన వేసుకుని ఆట చూడటానికి వచ్చాడు. నేను ఇక్కడ ఆడటం ఆయన చూడటం అదే మొదలు. వెనక గీతకు దూరంగా జనంతో పాటు నేల మీద కూర్చున్నాడు. వాలుగా పడే ఎండలో దుమ్ము లేచి, ఎదురుగా ఉన్న మనుషులు కూడా పొగలో ఉన్నట్టు ఉన్నారు. చప్పుళ్ళన్నీ దూరం నుంచి వస్తున్నాయి.

అవతలి పిల్ల కొట్టిన బంతి నా తల మీదుగా లేచింది. చూడగానే తెలిసింది, బాగా బయటికి పోతుంది. నేర్చుకున్నట్టే చేతులు దించి నిలబడ్డాను. అది తీరిగ్గా పోతూ ఉంది. దాన్నే చూస్తూ వెనక్కి తిరిగాను.

నాయన లేచి పరిగెత్తుతున్నాడు. ఆయన పరిగెత్తడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. బస్సు కదిలిపోతున్నా నింపాదిగా నడిచి వచ్చి ఎక్కే మనిషి. తోలు బ్యాగు ఎగిరెగిరి పక్కటెముకలకు కొట్టుకుంటోంది, అందులో చిల్లర గలగలమంటోంది, ఒక చెప్పు ఊడిపోయింది, కూర్చున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారి ఇస్తున్నారు. ఆఖరి అడుగులో రెండు మోకాళ్ళ మీద పడి, నేలను తాకబోతున్న బంతిని అరచేతుల్లో పట్టుకున్నాడు. గ్రౌండంతా నవ్వులు మొదలయ్యాయి. అంపైరు విజిల్ వేసి అవుట్ అని చెయ్యి చూపించాడు, పాయింటు మాదే. నాయన మోకాళ్ళ మీదే ఉండి, బంతిని తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు, దెబ్బ ఎక్కడైనా తగిలిందేమోనని. అప్పుడు గుర్తొచ్చినట్టుంది ఎక్కడున్నాడో. తలెత్తి నా వైపు చూసి సిగ్గుపడ్డాడు.

నేను ఆట మధ్యలో గీత దాటి పోయాను. బంతి తీసుకుని, ఆయన్ను చెయ్యి పట్టి లేపాను. ప్యాంటు మోకాలి దగ్గర చిరిగి రక్తం వస్తోంది. ఆత్మకూరు గ్రౌండులో మేడం మెచ్చి తీసుకున్న కాళ్ళు ఎవరివో అప్పుడు తెలిసింది నాకు. మేడం కూడా బెంచీ మీద నుంచి లేచి నిలబడి ఆయన్నే చూస్తోంది, విజిల్ ఇంకోసారి మోగినా నన్ను లోపలికి రమ్మని పిలవలేదు.